సగం మాత్ర వేస్కుంటే ఏమైతది?

నమస్కారం అండీ, వింటున్న మీ అందరికీ. నాకు సీఎంఎల్ ఉంది, అంటే క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, రక్త క్యాన్సర్లలో నిదానంగా నడిచే రకం. చాలా ఏళ్లుగా రోజూ ఇమాటినిబ్ అనే మాత్ర వేసుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటూ ఇదే హైదరాబాద్‌లో మీ మధ్యే తిరుగుతున్నాను. ఈరోజు ఆ మాత్ర డోసు గురించి మాట్లాడదామని వచ్చాను, ఎందుకంటే ఈ జబ్బున్న ప్రతి ఇంట్లో ఏదో ఒక రోజు డోసు తగ్గిద్దామా, రెండ్రోజులు ఆపుదామా అనే మాట వస్తుంది, వచ్చినప్పుడు చాలామంది ఎవరికీ చెప్పకుండా వాళ్లంతట వాళ్లే చేసేస్తారు.

ఈమధ్య ఓపీ దగ్గర లైన్‌లో కూర్చుంటే పక్కన ఒక క్యాబ్ నడిపే తమ్ముడు కలిశాడు, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. జబ్బు బయటపడి ఆర్నెల్లన్నా కాలేదట. నేను కూడా అదే మాత్ర వేసుకుంటానని తెలిశాక కొంచెం దగ్గరికి జరిగి మెల్లగా అడిగాడు. "అక్కా, గోలి ఏస్కున్నంక పొద్దంత కడుపుల తిప్పుతుంది, రాత్రి పండుకుంటే పిక్కలు పట్టేస్తున్నయ్. సగమే ఏస్కుంటున్న. ఏమైతది?" డాక్టర్ గారికి చెప్పావా తమ్ముడూ అంటే, "చెప్తే గరమైతరు కదక్కా" అన్నాడు. లేదు, చెప్పు, ఇది చెప్పాల్సిన మొదటి మాట అని పంపించాను. బయటికొచ్చాక చెప్పాడు, డాక్టర్ గారు ఏమీ అనలేదట. పొద్దున ఖాళీ కడుపుతో టీ తాగి వేసుకుంటున్నాడట పిల్లాడు, రాత్రి అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నిండా నీళ్లతో వేసుకోమన్నారు, క్యాల్షియం మెగ్నీషియం చూడ్డానికి రక్తం ఇమ్మన్నారు, మాత్ర మాత్రం పూర్తి 400 మిల్లీగ్రాములు వేసుకోవాల్సిందే అన్నారు. అంటే అతనికి డోసు ఎక్కువ కాలేదు, వేసుకునే వేళ కుదరలేదు అంతే. ఇది తెలియక అతను నెలలు నెలలు సగం మందుతో నడిపేసేవాడు.

ఇంతకీ ఆ సగం ఎందుకు ప్రమాదమో చెప్తాను. ఈ జబ్బులో 9వ క్రోమోజోమ్ ముక్క, 22వ క్రోమోజోమ్ ముక్క ఒకదాని చోటికి ఒకటి మారిపోతాయి. అలా పొట్టిగా మిగిలిన 22ని ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు, ఆ ఊర్లో 1960లో కనిపెట్టారు కాబట్టి. అది రెండు ముక్కలు మారడం వల్ల వచ్చిందని 1973లో జానెట్ రౌలీ అనే డాక్టరమ్మ చూపించింది. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జీన్ పుడుతుంది, అది ఆపకుండా తెల్లకణాలు పెంచమని ఆర్డర్ వేస్తూనే ఉంటుంది. ఇమాటినిబ్ మాత్ర ఆ ఆర్డర్‌ని ఆపుతుంది. ఆపాలంటే రక్తంలో మందు రోజంతా ఒక మోతాదులో ఉండాలి, సరిపడా లేకపోతే కొన్ని కణాలు బతికి బయటపడతాయి, వాటిలో మందుకి లొంగని రకం పైకొస్తే ఆ తర్వాత అదే మాత్ర ఫుల్లుగా వేసుకున్నా పనిచేయదు.

లండన్‌లో డాక్టర్లు 87 మంది మీద ఒక పరిశీలన చేశారు, 2010లో అచ్చయింది. మాత్రల సీసా మూతలో చిన్న చిప్ పెట్టి, మూత ఏ రోజు తీశారో ఏ రోజు తీయలేదో మూడు నెలలు రికార్డ్ చేశారు. వేసుకోవాల్సిన మాత్రల్లో 90 శాతానికి పైగా వేసుకున్నవాళ్లకి ఆరేళ్లకి జబ్బు బాగా అణిగే అవకాశం 94.5 శాతం వచ్చింది, 90 శాతం లేదా అంతకంటే తక్కువ వేసుకున్నవాళ్లకి 28.4 శాతమే. ఆలోచించండి, 90 శాతం అంటే నెలకి మూడు మాత్రలు మానేయడం, ఒక పెళ్లికి ఊరెళ్లి బ్యాగ్‌లో పెట్టుకోవడం మర్చిపోతే చాలు. ఈ లెక్క తెలిసిన దగ్గర్నుంచి నేను గోడ మీద క్యాలెండర్‌లో, పాలవాడి లెక్క రాసుకునే గడిలోనే, మాత్ర వేసుకోగానే టిక్ పెడతాను. మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు, మామూలు మాత్ర మామూలుగా వేసుకుని ఆ గడి ఖాళీగా వదిలేస్తాను, డాక్టర్ గారికి ఆ క్యాలెండర్ ఫోటో చూపిస్తాను.

అయితే డోసు ఎప్పటికీ తగ్గించరని కాదు, తగ్గిస్తారు, పూర్తిగా ఆపేస్తారు కూడా, దానికి పద్ధతి ఉంది. మొదటి కొన్ని నెలల్లో చాలామందికి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పొలమంతా కలుపు కమ్మేసినప్పుడు కలుపు తీసేస్తే నేల బోసిగా కనిపిస్తుంది చూడండి, అసలు పైరు లేవడానికి టైమ్ పడుతుంది, ఎముక మజ్జలో జరిగేది అదే. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ 1,000 కంటే తగ్గినా, ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గినా మాత్ర ఆపమంటారు. న్యూట్రోఫిల్స్ 1,500కి, ప్లేట్‌లెట్లు 75,000కి వచ్చాక మళ్లీ 400తో మొదలుపెడతారు, మళ్లీ పడిపోతే అప్పుడు 300కి దింపుతారు, అంటే 100 మిల్లీగ్రాములవి మూడు. పెద్దవాళ్లకి మొదలుపెట్టిన కొత్తలో అంతకంటే కిందికి దింపడానికి డాక్టర్లు మామూలుగా ఒప్పుకోరు. ఈ లోపు ఇంట్లో హడావిడి మొదలవుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గాయంట బొప్పాయి ఆకు రసం తాగించండి అని, మన ఊర్లో డెంగీ సీజన్‌లో అలవాటైపోయింది కదా. ఇది డెంగీ కాదండీ, ఇక్కడ ప్లేట్‌లెట్లు మందు వల్ల తగ్గాయి, ఎన్ని రోజులు ఆపాలి ఎప్పుడు మొదలుపెట్టాలి అనేది వారం వారం సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసే టెస్ట్, చూసి తేల్చాలి, ఆకు రసాలు నాటుమందులు మధ్యలో దూరితే ఏది దేని వల్ల జరిగిందో డాక్టర్‌కీ అర్థం కాదు.

సైడ్ ఎఫెక్టులు అన్నీ ఒకటి కాదు. పొద్దున లేవగానే కళ్ల కింద ఉబ్బు, అది చాలామందికి వస్తుంది, ఉప్పు తగ్గించుకోవాలి, అంటే ఆవకాయ అప్పడాలు తగ్గించుకోవాలి, నాకు అదే కష్టంగా ఉంటుంది. చర్మం రంగు తేలడం ఇంకోటి. మా పక్కింటి ఆంటీ "ఏంటమ్మా ఈమధ్య తెల్లబడ్డావ్, ఏం క్రీమ్ రాస్తున్నావ్" అని నవ్వుతూ అడుగుతారు. ఈ మాత్ర బీసీఆర్-ఏబీఎల్‌తో పాటు చర్మానికి రంగునిచ్చే కణాలకి అవసరమైన ఇంకో సిగ్నల్‌ని కూడా ఆపుతుంది, అందుకే అలా అవుతుంది. వీటికి భయపడి డోసు తగ్గించుకోవాల్సిన పని లేదు. కానీ నాలుగు రోజుల్లో బరువు గబగబా పెరిగినా, మెట్లెక్కితే ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండి. ఇదే జబ్బుకి ఇచ్చే ఇంకో మాత్ర డాసాటినిబ్ వేసుకునేవాళ్లకి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరొచ్చు, వాళ్లు ఆయాసాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు, అలాంటప్పుడు మందు ఆపి తర్వాత తక్కువ డోసుతో మొదలుపెట్టడం డాక్టర్లు తరచూ చేసేదే.

ఇంకో సంగతి, మనం మాత్ర ముట్టుకోకుండానే ఒంట్లో డోసు మారిపోతుంది, ఇది చాలామందికి తెలీదు. మన ఇళ్లల్లో గ్యాస్ మాత్ర అంటే చాక్లెట్ లెక్క, పొద్దున లేవగానే పాంటోప్రజోల్ వేసేసుకుంటారు. ఇమాటినిబ్‌కి అది పెద్దగా అడ్డం రాదు కానీ డాసాటినిబ్‌కి కడుపులో యాసిడ్ ఉండాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు, మీరు రోజూ సరిగ్గానే వేసుకుంటున్నా సగం వేసుకున్నట్టే లెక్క. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ ఇమాటినిబ్‌ని లివర్‌లో తొందరగా కరిగించేసి రక్తంలో తగ్గించేస్తాయి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, ఫంగస్‌కి ఇచ్చే కీటోకోనజోల్ దానికి ఉల్టా, మందుని పెంచేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ కూడా పెంచుతుంది, దాని చుట్టం మన పంపరపనస, దాన్ని కూడా పక్కన పెట్టడమే మంచిది. అందుకని జలుబుకైనా పంటినొప్పికైనా మెడికల్ షాపులో ఏదడిగినా ముందు నేను ఫలానా మాత్ర వేసుకుంటున్నాను అని చెప్పండి, డోలో అయినా సరే డాక్టర్‌ని ఒకసారి అడిగి ఎంతవరకు వేసుకోవచ్చో తెలుసుకుని పెట్టుకోండి.

తిండి లెక్క కూడా మందుని బట్టి మారుతుంది. ఇమాటినిబ్ తిన్నాక వేసుకోవాలి. ఈ జబ్బుకే ఇచ్చే నిలోటినిబ్ అయితే రోజుకి రెండుసార్లు, వేసుకునే ముందు రెండు గంటలు, వేసుకున్నాక గంట ఏమీ తినకూడదు, తిని వేసుకుంటే మందు రక్తంలో ఎక్కువైపోయి గుండె లయ దెబ్బతినొచ్చు. ఒకరి మాత్ర పద్ధతి ఇంకొకరికి చెప్పకండి, దయచేసి. రంజాన్‌లో ఇమాటినిబ్ వేసుకునేవాళ్లు ఇఫ్తార్ తర్వాత భోజనంతో వేసుకునేలా డాక్టర్‌తో మాట్లాడుకోవచ్చు, కానీ రోజుకి రెండుసార్లు వేసుకునేవాళ్లకి, విరేచనాలు వాంతులు ఉన్నవాళ్లకి ఉపవాసం కుదురుతుందా లేదా అనేది ముందే అడగాలి, శనివారం ఒంటిపూట ఉండే మావాళ్లకీ అదే మాట.

రక్తంలో ఆ బీసీఆర్-ఏబీఎల్ ఇంకా ఎంత ఉందో కొలవడానికి మూడు నెలలకోసారి చేయించే పీసీఆర్ టెస్ట్ మీదే డోసు నిర్ణయాలన్నీ నడుస్తాయి. మొదలుపెట్టిన మూడు నెలలకి అది 10 శాతం లోపు, ఆర్నెల్లకి 1 లోపు, ఏడాదికి 0.1కి రావాలని చూస్తారు. రాకపోతే ముందు డాక్టర్ అడిగేది మాత్రలు మానేశారా అనే, అప్పుడు నిజం చెప్పకపోతే పనిచేస్తున్న మందుని పనిచేయట్లేదనుకుని మార్చేస్తారు, లేదా లొంగని రకం ఉందేమోనని ఖరీదైన మ్యుటేషన్ టెస్టులు రాస్తారు. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి, రిపోర్ట్ మీద ఇంటర్నేషనల్ స్కేల్, అంటే అన్ని ల్యాబులకీ ఒకటే కొలత, అని ఉందో లేదో చూసుకోండి, పాతవి ఒక ఫైల్‌లో వరసగా పెట్టుకోండి.

ఆ అంకె ఏళ్ల తరబడి కిందనే నిలబడితే అప్పుడు తగ్గించే మాట నిజంగా మాట్లాడుకోవచ్చు, అది నాకు చాలా ఆశ కలిగించే విషయం. బ్రిటన్‌లో డెస్టినీ అనే ట్రయల్‌లో జబ్బు బాగా అణిగి ఉన్న 174 మందికి ఏడాదిపాటు సగం డోసే ఇచ్చారు, ఇమాటినిబ్ అయితే 200. అందులో 12 మందికే అంకె మళ్లీ పైకొచ్చింది. చూశారా, ఇక్కడా సగమే, ఆ క్యాబ్ తమ్ముడు వేసుకున్నదీ సగమే, కానీ వీళ్లు ఏళ్లపాటు ఫుల్ డోసు వేసుకుని జబ్బుని అణిచాక తగ్గించారు, నెలనెలా పీసీఆర్ చూసుకుంటూ తగ్గించారు. పూర్తిగా ఆపాలంటే కనీసం మూడేళ్లు మందు వాడి ఉండాలి, చివరి రెండేళ్లు బాగా లోతుగా అణిగి ఉండాలి, ఆపాక మొదట్లో నెలనెలా టెస్ట్. దాదాపు సగం మందికి తిరిగొస్తుంది, మళ్లీ మొదలుపెడితే ఎక్కువమందికి మళ్లీ అణుగుతుంది. ఆపిన కొత్తలో కీళ్లు కండరాలు నొప్పులు రావచ్చు, అది జబ్బు తిరిగొచ్చినట్టు కాదు.

పిల్లలు కావాలనుకునే ఆడపిల్లలకి ఒక్క మాట. ఈ మాత్రలు కడుపులో బిడ్డకి మంచివి కావు, నెల తప్పాక భయపడి మానేసి ఎవరికీ చెప్పకుండా ఉండేకంటే ఏడాది రెండేళ్ల ముందే డాక్టర్‌కి చెప్తే మందు ఆపే టైమ్, వేరే మందుకి మారే టైమ్ వాళ్లు ప్లాన్ చేస్తారు. మన దేశంలో ఈ జబ్బు బయట దేశాలకంటే చిన్న వయసులో వస్తుంది, కాబట్టి ఈ ప్రశ్న మన ఇళ్లల్లో ఎక్కువే వస్తుంది, అత్తగారు ఉన్నప్పుడు అడగలేకపోతే ఒక్కరే వెళ్లి అడగండి.

డబ్బు కోసం మాత్రలు పొదుపు చేసేవాళ్లూ ఉన్నారు, రోజు విడిచి రోజు వేసుకుని నెల స్ట్రిప్పుల్ని రెండు నెలలు లాగేవాళ్లు. ఒకప్పుడు అసలు కంపెనీ నోవార్టిస్ మందు నెలకి లక్షా ఇరవై వేల దాకా ఉండేది, మన హైదరాబాద్‌లోని నాట్కో 2003లో వీనాట్ పేరుతో జనరిక్ తెచ్చింది, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్‌కి పేటెంట్ ఇవ్వకుండా తీర్పు చెప్పింది, అప్పటికే జనరిక్ నెలకి ఎనిమిది పది వేలకి దొరికేది. జనరిక్ ఖర్చు కూడా కొన్ని ఇళ్లకి బరువే, నాకు తెలుసు. సిగ్గుపడకుండా ఆ మాట కూడా డాక్టర్‌కి చెప్పండి, ఆస్పత్రిలో ఉండే సోషల్ వర్కర్‌ని, ఆరోగ్యశ్రీ కౌంటర్‌ని, సాయం చేసే ట్రస్టులని అడగండి, వేరే కంపెనీ జనరిక్‌కి మారితే మారిన తేదీ రాసిపెట్టుకోండి. స్ట్రిప్‌లో ఇంకో పది రోజులకి మాత్రలు ఉండగానే తర్వాతి నెలవి తెచ్చేసుకోండి, సంక్రాంతికి దసరాకి సగం హైదరాబాద్ ఊళ్లకి వెళ్లిపోతుంది, షాపులు మూసేస్తారు, ఊర్లో ఈ మాత్ర దొరకదు. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు క్యాలెండర్ ఫోటో, మిగిలిన మాత్రలు, ఇంట్లో వేసుకునే మిగతా మందులన్నీ ఒక కవర్‌లో వేసుకుని వెళ్లండి, కూర్చోగానే ముందు ఆ కవర్ టేబుల్ మీద పెట్టండి. ఉంటానండి, నమస్కారం.