టికెట్ ధర కంటే ముందు రెండో విమానం చూడండి

నమస్కారం. మేము కూకట్‌పల్లిలో ఉంటాం. మా అత్తవారి ఊరు అమలాపురం దగ్గర. ఏడాదికి మూడు నాలుగు సార్లు శంషాబాద్ నుంచి రాజమండ్రికి వెళ్లి వస్తుంటాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అత్తగారు, మొత్తం ఐదుగురం. తక్కువ ఛార్జీల విమానాల్లో ఏది మేలని చాలామంది అడుగుతున్నారు. ఏ విమానంలో సీటు మెత్తగా ఉంటుంది, ఏ విమానంలో ఉప్మా బాగుంటుంది అనేవి ఈ వీడియోలో చెప్పను. గంట ప్రయాణంలో వాటికి అంత విలువ లేదు.

కిందటి ఏడాది ఒక ఆదివారం సాయంత్రం హైదరాబాద్ తిరిగి రావడానికి రాజమండ్రి (మధురపూడి) విమానాశ్రయంలో కూర్చున్నాం. చెకిన్ అయిపోయింది, సామాను ఇచ్చేశాం. ఆరున్నరకు బయలుదేరాల్సిన విమానం ఏడున్నరకు అన్నారు, తర్వాత ఎనిమిదిన్నర అన్నారు, చివరికి రద్దయిందన్నారు. కంపెనీ పేరు నాకు ముఖ్యం కాదు, అలాంటి రోజు ఎవరికైనా రావచ్చు. తెల్లవారితే పాపకు పరీక్ష. మా ఐదుగురికీ కలిపి సీట్లున్న తర్వాతి విమానం మర్నాడు సాయంత్రం. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని, రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లవారుజామున ఇల్లు చేరాం. కాళ్లు చాపుకునే వీలు లేక మా అత్తగారు దారి పొడవునా పడిన బాధ నేను మరిచిపోలేను. ఆ విమానం ఎంచుకున్నది నేనే. మధ్యాహ్నం విమానం కంటే మనిషికి నాలుగు వందలు తక్కువని తీసుకున్నాను. ఆ రోజుకు రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కు అదే చివరి విమానమని చూసుకోలేదు.

అప్పటి నుంచి నేను టికెట్ వెతికే పద్ధతే మారిపోయింది. ముందు కంపెనీ పేరు చూడను, ధర చూడను. నేను ఎక్కబోయే విమానం వెళ్లకపోతే అదే రోజు దాని తర్వాత ఇంకో విమానం ఉందా అని చూస్తాను. ఉంటే అది కూడా అదే కంపెనీదా అని చూస్తాను. శంషాబాద్ నుంచి ఢిల్లీకో బెంగళూరుకో వెళ్లేవాళ్లకు ఈ లెక్క అక్కర్లేదు. అక్కడ ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది. కడప, కర్నూలు, రాజమండ్రి నుంచి బయలుదేరే కుటుంబానికి మాత్రం అన్నిటికంటే ముందు వేసుకోవాల్సిన లెక్క ఇదే.

ఎందుకో చెబుతాను. చిన్న ఊరి విమానాశ్రయంలో అదనపు విమానం నిలిపి ఉంచరు. మీరు ఎక్కాల్సిన విమానం హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో వచ్చి, అరగంట ఆగి, మిమ్మల్ని ఎక్కించుకుని తిరిగి వెళుతుంది. ఆ ఒక్క విమానమే పొద్దుటి నుంచి ఊరూరూ తిరుగుతూ ఉంటుంది. పొద్దున ఎక్కడో నలభై నిమిషాలు ఆలస్యమైతే అది సాయంత్రానికి గంటన్నర కావచ్చు. సిబ్బంది పని గంటలకు కూడా చట్టపరమైన పరిమితి ఉంది. అది దాటితే విమానం ఎంత బాగున్నా ఎగరదు. కాబట్టి సాయంత్రం చివరి విమానం చవకగా కనిపించినా, పిల్లలతో వెళ్లేవాళ్లు దాన్ని తీసుకోవద్దని నా గట్టి సలహా. అలాగని పొద్దున్నే మొదటి విమానం తీసుకుందామంటే చలికాలంలో గోదావరి జిల్లాల్లో పొగమంచు సమస్య. డిసెంబరు, జనవరి నెలల్లో నేను పదకొండు తర్వాతే చూస్తాను, మూడు దాటనివ్వను.

బయలుదేరే రోజు ఇంకో పని కూడా చేయండి. ఫ్లైట్‌రాడార్24 అనే ఆప్‌లో మీ కోసం రావాల్సిన విమానం ఇప్పుడెక్కడుందో చూడవచ్చు. అది ఇంకా వేరే ఊరిలోనే ఉంటే, విమానాశ్రయంలో బోర్డు మారకముందే ఆలస్యం సంగతి మీకు తెలిసిపోతుంది.

ఇక కంపెనీల సంగతి. మన దగ్గర చిన్న ఊళ్లకు ఎక్కువగా తిరిగేవి ఇండిగో విమానాలు. ఆ కంపెనీ 2017 డిసెంబరులో ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు మొదలుపెట్టింది హైదరాబాద్ నుంచే. ఒకే కంపెనీకి రోజుకు రెండు మూడు విమానాలుంటే ఒకటి రద్దయినప్పుడు ఇంకోదానిలో సర్దడం తేలిక. అందుకే నేను ఎక్కువసార్లు దాన్నే తీసుకుంటాను. అయితే ఒక్క కంపెనీ మీదే ఆధారపడితే ఏమవుతుందో 2025 డిసెంబరు మొదటి వారంలో దేశమంతా చూసింది. పైలట్ల విశ్రాంతి గంటల కొత్త నిబంధనలకు తగినట్టుగా సిబ్బందిని సిద్ధం చేసుకోకపోవడంతో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. మిగతా కంపెనీల ధరలు ఎగబాకితే ప్రభుత్వం జోక్యం చేసుకుని 500 కిలోమీటర్ల లోపు దూరానికి 7,500 రూపాయలు మించకూడదని పరిమితి పెట్టింది. ఆ వారంలో రైలు టికెట్ దొరికినవాళ్లే అదృష్టవంతులు.

అలయన్స్ ఎయిర్ ప్రభుత్వ సంస్థ. 2022లో ఎయిర్ ఇండియా టాటాల చేతికి వెళ్లినప్పుడు ఇది ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. తిప్పేవి ఎక్కువగా ఏటీఆర్లే. ధర చాలాసార్లు అందుబాటులోనే ఉంటుంది, కానీ విమానాల సంఖ్య తక్కువ. ఒకటి మరమ్మతుకు వెళితే దాని బదులు ఇంకొకటి రావడం కష్టం. ఆకాశ ఎయిర్ దగ్గర ఉన్నవన్నీ బోయింగ్ 737 మ్యాక్స్ అనే పెద్ద విమానాలే కాబట్టి చిన్న ఊళ్ల ప్రయాణానికి దాని అవసరం పెద్దగా రాదు. మన హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్ 2015లో మొదలైంది. చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడపడానికి కేంద్రం తెచ్చిన ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న కడప నుంచి హైదరాబాద్‌కు విమానం నడిపింది. 2022లో ఆగిపోయింది. ఆ విమానాలు ఎక్కినవాళ్లకు ఇప్పటికీ ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఐదుగురు, రాను పోను, అంటే పది టికెట్లు. సీటు ఎంపికకు ఒక్కో టికెట్‌కు మూడు వందలు అనుకుంటే మూడు వేలు. ఆన్‌లైన్ రుసుము కూడా తలకు ఇంతని, ఒక్కో ప్రయాణానికి ఇంతని వేస్తారు. కాబట్టి మొదటి పేజీలో కనిపించే ధరలను పోల్చి లాభం లేదు. చెల్లింపు పేజీ వరకు వెళ్లి, అక్కడ వచ్చిన మొత్తాన్ని కాగితం మీద రాసుకుని పోల్చండి. సామాను లేని టికెట్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో ఎక్స్‌ప్రెస్ లైట్ అనే టికెట్ ఉంది. దానిలో చెకిన్ సామాను ఉండదు. ఒంటరిగా వెళ్లే కుర్రవాళ్లకు అది మంచిదే. పండక్కి ఊరెళ్లి వచ్చే ఇంటికి అది పనికిరాదు. తిరుగు ప్రయాణంలో అమ్మ పెట్టి పంపే సంచిని ఏ ఆప్ కూడా లెక్కలోకి తీసుకోదు కదా.

సీట్ల కోసం డబ్బు కట్టాలా? పిల్లలున్నవాళ్లు చాలావరకు కట్టనక్కర్లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్ఆర్‌లో ఉన్న తల్లిదండ్రుల్లో లేదా సంరక్షకుల్లో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. కాబట్టి అందరి టికెట్లూ ఒకే పీఎన్ఆర్‌లో తీసుకోండి. ఏటీఆర్‌లో సీట్లు అటు రెండు, ఇటు రెండు ఉంటాయి, మధ్య సీటు ఉండదు. పాప పక్కన నేను, బాబు పక్కన మా వారు కూర్చుంటే సరిపోతుంది. మా అత్తగారికి మాత్రం డబ్బు కట్టి వెనక వరుసలో సీటు తీసుకుంటాను. ఏటీఆర్‌లో ప్రయాణికులు ఎక్కే తలుపు వెనక ఉంటుంది, ఆవిడ ఎక్కువ నడవక్కర్లేదు. ప్రొపెల్లర్ల మోత కూడా అక్కడ కొంచెం తక్కువ. చక్రాల కుర్చీ కావాలని కనీసం రెండు రోజుల ముందే నమోదు చేయించండి.

వానాకాలం మబ్బుల్లో ఏటీఆర్ కాస్త ఊగుతుంది. దానికి భయపడనక్కర్లేదు, పిల్లలకు ముందే చెప్పి ఉంచితే చాలు. ఇంకో మంచి మాట ఏమిటంటే, దీని రెక్కలు కిటికీల పైన ఉంటాయి. కిందకు చూడటానికి ఏదీ అడ్డురాదు. రాజమండ్రి దగ్గర పడుతున్నప్పుడు ఆకాశం తేటగా ఉంటే గోదావరి, లంకలు, వంతెనలు కనిపిస్తాయి. మా పాప మొదటిసారి చూసి, నది ఇంత వెడల్పా అని అడిగింది.

విమానం రద్దయితే మీ హక్కులేమిటో కూడా తెలుసుకోండి. డబ్బు వాపసు కావాలా, వేరే విమానం కావాలా అన్నది మీరు నిర్ణయించుకోవాలి, కౌంటర్‌లో ఉన్నవాళ్లు కాదు. బయలుదేరడానికి 24 గంటల లోపు రద్దు సంగతి చెబితే, కంపెనీ చేతిలో లేని కారణం కానప్పుడు, పరిహారం కూడా ఉంటుంది. గంట లోపు ప్రయాణానికి 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల వరకు 7,500. లేదా మీ ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. రెండింటిలో ఏది తక్కువైతే అది. ఇక్కడ చాలామంది నష్టపోయే చోటు ఒకటుంది. ఏజెంటు టికెట్ తీసినప్పుడు తన ఫోను నంబరే వేసేస్తాడు. మీ నంబరు కంపెనీకి చేరకపోతే పరిహారం అడగడానికి వీలుండదు. టికెట్ రాగానే ఏ నంబరు ఉందో చూసుకోండి. మీ అంతట మీరు రద్దు చేసుకున్నా, విమానం అందుకోలేకపోయినా పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కి రావాలి. పది టికెట్ల మీద అది చిన్న మొత్తం కాదు, అడిగి తీసుకోండి.

సామాను గురించి రెండు మాటలు. ఆవకాయ, నెయ్యి చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గర ఆపేస్తారు, గట్టిగా మూత బిగించి చెకిన్ సామానులో వేయండి. ఎండు కొబ్బరికి నిప్పంటుకునే గుణం ఉంది కాబట్టి దాన్ని విమానంలో తీసుకెళ్లనివ్వరు. కోనసీమ నుంచి వచ్చేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

మీ ఊరికి రోజుకు ఒక్కటే విమానం ఉంటే నా సలహా ఇది. వెళ్లేటప్పుడు విమానంలో వెళ్లండి, తిరిగి వచ్చేటప్పుడు రైల్లో రండి. వెళ్లడం ఒక పూట ఆలస్యమైనా ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తారు. బడి, ఆఫీసు ఎదురుచూడవు. రాజమండ్రి వాళ్లకు గౌతమి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లు ఉన్నాయి, పగలైతే వందే భారత్ ఉంది. ఈ సంక్రాంతికి మేము చేస్తున్నది కూడా అదే. వెళ్లడానికి మధ్యాహ్నం విమానం, రావడానికి గౌతమిలో ఐదు బెర్తులు, మా అత్తగారికి కింది బెర్తు. మీ ఊరి నుంచి రోజుకు ఎన్ని విమానాలున్నాయో, చివరిది ఎన్ని గంటలకో కింద రాయండి. చిన్న ఊళ్లన్నిటికీ కలిపి ఒక పట్టిక తయారుచేసి వచ్చే వీడియోలో చూపిస్తాను.