రెండు ఖాళీలు, 12 పాయింట్లు: అమెరికా హైస్కూల్ రెజ్లింగ్ టీమ్ ఎలా నిలబడుతుంది

నమస్తే అండీ. ఇవాళ్టి వ్లాగ్ హైస్కూల్ రెజ్లింగ్ గురించి, ముఖ్యంగా కోచింగ్‌లో చేయి వేయాలనుకునే అమ్మానాన్నల కోసం. మ్యాట్ మీద ఉండేది ఇద్దరే కాబట్టి ఎవరి ఆట వాళ్లదే అనిపిస్తుంది. స్కోరు లెక్క చూస్తే మాత్రం కథ వేరు.

డ్యూయల్ మీట్‌లో రెండు స్కూళ్లు తలపడతాయి. రాష్ట్రాన్ని బట్టి 12 నుంచి 14 బరువు తరగతులు, ఒక్కోదానికి ఒక్కొక్కరు. మ్యాట్ మీద ఇద్దరి స్కోర్ల మధ్య 8 కంటే తక్కువ తేడాతో గెలిస్తే టీమ్‌కి 3 పాయింట్లు, 8 నుంచి 14 తేడా ఉంటే 4, 15 తేడా వస్తే 5, పిన్ చేస్తే, అంటే ఎదుటివాడి రెండు భుజాలూ మ్యాట్‌కి ఆనించేస్తే, 6. ఎదుట ఎవరూ లేకపోయినా 6 వచ్చినట్టే. అంటే మీ టీమ్‌లో రెండు తరగతులు ఖాళీగా ఉంటే, విజిల్ మోగకముందే 12 పాయింట్లు అవతలివాళ్లకి ఇచ్చేశారన్నమాట. వాటిని పూడ్చడానికి నాలుగు మామూలు గెలుపులు కావాలి. అందుకే మానేయబోతున్న కొత్త పిల్లాడిని ఆపుకోవడం, ఉన్న స్టార్‌కి ఇంకో పట్టు నేర్పడం కంటే ముఖ్యమైన పని.

ఇంకో లెక్క. ఓడిపోయే పిల్లాడు పిన్ అయితే 6 పోతాయి, చివరిదాకా నిలబడి తక్కువ తేడాతో ఓడితే 3 పోతాయి. మిగిలిన ఆ 3, ఒక గెలుపుకి సమానం. ఈ సంగతి బోర్డు మీద రాసి పిల్లలకి చూపించాలి. గోడ మీద పెట్టే పట్టికలో గెలుపులతో పాటు 'పిన్ కాకుండా నిలిచినవి' అని ఒక గడి ఉండాలి. వెల్లకిలా పడ్డ స్థితి నుంచి మొదలుపెట్టి 20 సెకన్లు భుజాలు ఆననివ్వకుండా పోరాడే డ్రిల్, రోజూ ఐదారుసార్లు చేయించండి. అందరూ చేయాలి, కెప్టెన్‌తో సహా.

కొత్తవాళ్లు ఎక్కువగా మానేసేది మొదటి రెండు మూడు వారాల్లోనే. కారణం అలసట అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం, సీనియర్ ఒకడు వాళ్లని బొమ్మల్లా ఎత్తేసి తన టేక్‌డౌన్లు (నిలబడ్డవాడిని కింద పడేసే పట్లు) ప్రాక్టీసు చేసుకోవడం. కాబట్టి మొదటి రెండు వారాలు కొత్తవాళ్లకి స్టాన్స్ (నిలబడే తీరు), కదలిక, సింగిల్ లెగ్ (ఒక కాలు పట్టి పడేయడం), కింద నుంచి లేచి నిలబడటం, హాఫ్ నెల్సన్ (చంక కింద నుంచి చేయి పెట్టి మెడ వెనక పట్టడం), ఇంతే. లైవ్ కుస్తీ 30 సెకన్లకి మించకుండా, దగ్గర బరువున్న తోటి కొత్తవాళ్లతోనే. ఇద్దరు కొత్తవాళ్లకి ఒక సీనియర్‌ని అప్పగించండి. వాళ్లు రాకపోతే ముందు ఫోన్ చేయాల్సింది ఆ సీనియరే, కోచ్ కాదు. ఈ ఒక్క పద్ధతి పెద్ద పెద్ద ప్రసంగాలకంటే బాగా పనిచేస్తుంది.

నియమాలు నాలుగు చాలు. రాలేకపోతే ముందుగా చెప్పడం, బూట్లు మ్యాట్ బయటికి వేసుకెళ్లకపోవడం, పార్టనర్‌ని కావాలని గాయపరచకపోవడం, మీట్ అయ్యేదాకా అందరూ ఉండటం. ఇవి దెబ్బతినేది ఎక్కడంటే, అందరికంటే బాగా ఆడేవాడు ప్రాక్టీసుకి ఎగ్గొట్టి కూడా శనివారం మ్యాట్ ఎక్కిన రోజున. మిగతావాళ్లు అది చూస్తారు, ఏమీ అనరు, ఆ తర్వాతి వారం ఇద్దరు రారు.

వర్సిటీలో, అంటే స్కూల్ మొదటి టీమ్‌లో, చోటు కోసం సొంత టీమ్‌వాళ్లే తలపడే రెజిల్-ఆఫ్ ఎప్పుడు, ఎన్ని బౌట్లు (మ్యాచ్‌లు), గాయంతో ఉన్నవాడి చోటు ఎన్నాళ్లు ఆగుతుంది అన్నవి సీజన్‌కి ముందే రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాట మీద నడిపితే మొదటి తగాదా తల్లిదండ్రులతోనే.

బరువు తగ్గించడం దగ్గర కోచ్ మాటే చట్టం. 1997లో బరువు తగ్గే ప్రయత్నంలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు చనిపోయారు. ఇప్పుడు హైస్కూళ్లలో సీజన్ మొదట్లో మూత్రపరీక్షతో ఒంట్లో నీటిశాతం చూస్తారు, మూత్రం చిక్కదనాన్ని చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ 1.025 దాటకూడదు. అబ్బాయిలకి కొవ్వు 7 శాతం, అమ్మాయిలకి 12 శాతం కంటే తగ్గేలా బరువు నిర్ణయించకూడదు. వారానికి తగ్గేది శరీర బరువులో 1.5 శాతం లోపే, అంటే 150 పౌండ్ల పిల్లాడికి 2.25 పౌండ్లు. రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధం. 'టీమ్ కోసం ఒక తరగతి కిందికి దిగు' అని సీనియర్ ఎవరైనా అన్నా సరే, అక్కడికక్కడే ఆపాలి.

తామర గురించి చెప్పకపోతే ఎలా! ఒక్కడికి వచ్చిందంటే చూస్తుండగానే గది సగం ఖాళీ అయిపోవచ్చు. రోజూ ప్రాక్టీసుకి ముందు చర్మం చూడటం, మ్యాట్‌ని డిసిన్ఫెక్టెంట్‌తో తుడిచి డబ్బా మీద రాసినంతసేపు తడిగా ఉంచడం, అయిపోగానే స్నానం, మోకాలి ప్యాడ్లు ఉతకడం. ఒంటి మీద తామరకి 72 గంటల మందు, తల మీద అయితే 14 రోజులు నోటి మందు పూర్తయ్యాకే మళ్లీ మ్యాట్ ఎక్కాలి. తుడిచే పని కొత్తవాళ్ల నెత్తిన పడేయకండి. వంతుల పట్టికలో మొదటి పేరు కెప్టెన్‌దే పెట్టండి.

చివరగా మూల కుర్చీ, అంటే మ్యాట్ మూలన కోచ్ కూర్చునే చోటు. జేవీ (జూనియర్ వర్సిటీ, రెండో టీమ్) బౌట్లు వర్సిటీ బౌట్లతో పాటే పక్క మ్యాట్ మీద నడుస్తుంటే కోచ్ వర్సిటీ వైపే కూర్చుంటాడు, అవతల పిల్లాడు ఒక్కడే పోరాడుతుంటాడు. అసిస్టెంట్ లేకపోతే అక్కడ ఎవరు కూర్చోవాలో మీట్‌కి ముందు రోజే అడిగి తెలుసుకుని రాసిపెట్టుకోండి.