ఎవరిని చూసి భయపడాలి?

అందరికీ నమస్కారం.

హెచ్‌ఐవీ గురించి మాట్లాడటానికి ఎక్కడికెళ్లినా దోమల ప్రశ్న తప్పదు. కాబట్టి ముందే చెప్పేస్తాను. దోమ కుడితే హెచ్‌ఐవీ రాదు. దోమ మన ఒంట్లోకి వదిలేది తన లాలాజలాన్నే, అంతకుముందు తాగిన రక్తాన్ని కాదు. పైగా ఈ వైరస్ దోమ కడుపులో పెరగలేదు, అక్కడే అరిగిపోతుంది.

హెచ్‌ఐవీ ఒక వైరస్. ఎయిడ్స్ అంటే ఆ వైరస్ ఒంట్లో ముదిరాక వచ్చే దశ. రోగనిరోధక వ్యవస్థను నడిపించే సీడీ4 కణాల్లో హెచ్‌ఐవీ దూరి, వాటిచేతే తన నకళ్లు చేయించుకుని, చివరికి వాటినే చంపేస్తుంది. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 500కు పైగా ఉండే ఈ కణాలు 200 కన్నా తగ్గితే ఎయిడ్స్ అంటారు. మందులు వాడకపోతే అక్కడిదాకా రావడానికి చాలామందికి 8 నుంచి 10 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ మనిషి బాగానే కనిపించవచ్చు. మొహం చూసి కనిపెట్టేస్తామనేవాళ్లను నమ్మకండి.

వైరస్‌ను మోసుకొచ్చేవి రక్తం, వీర్యం, యోని, మలద్వార స్రావాలు, తల్లిపాలు. అంటే అది సోకే దారులు కండోమ్ లేని సెక్స్, ఒకరు వాడిన సూదిని ఇంకొకరు వాడటం, పరీక్ష చేయని రక్తం ఎక్కించడం. గర్భంలో, కాన్పులో, పాలిచ్చేటప్పుడు తల్లి నుంచి బిడ్డకు రావచ్చు. చికిత్స లేకపోతే ఆ అవకాశం 15 నుంచి 45 శాతం, సరైన చికిత్స ఉంటే 5 శాతం లోపే. ఒకే కంచంలో తిన్నా, ఒకే బాత్రూమ్ వాడినా, కౌగిలించుకున్నా రాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సోకిన మొదటి వారాల సంగతి. అప్పుడు రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది, ఇతరులకు సులువుగా అంటుతుంది. కొందరికి జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు వస్తాయి. ఏదో ఫ్లూ అనుకుని ఊరుకుంటారు. టెస్ట్ చేయించినా అప్పుడే తేలకపోవచ్చు. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు టెస్టులో దొరకడానికి 3 వారాల నుంచి 3 నెలలు పట్టవచ్చు. దీన్నే విండో పీరియడ్ అంటారు. వారం తిరక్కుండానే నెగటివ్ వచ్చిందని సంబరపడితే లాభం లేదు, 3 నెలలకు మళ్లీ చేయించుకోవాలి.

ఇక హెచ్‌ఐవీని అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు రోజూ వేసుకుంటూ, రక్తపరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరి, అక్కడే నిలకడగా ఉన్న మనిషి నుంచి సెక్స్ ద్వారా హెచ్‌ఐవీ సోకదు. వేల జంటలను ఏళ్ల తరబడి గమనించి తేల్చిన మాట ఇది. (తల్లిపాల విషయంలో మాత్రం ప్రమాదం బాగా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.) మనమేమో ఆ మందులు వేసుకునే మనిషిని చూసి దూరం జరుగుతాం. టెస్టే చేయించుకోని మనిషి పక్కన నిశ్చింతగా కూర్చుంటాం!

ఇంకొక్క మాట. కండోమ్ చిరిగినా, వాడిన సూది గుచ్చుకున్నా తెల్లారేదాకా టెన్షన్ పడుతూ కూర్చోకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వైరస్ ఒంట్లో పాతుకోకుండా ఆపే పెప్ అనే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. 28 రోజులు మానకుండా వాడాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. పైకి అడగడం ఇబ్బందైతే చీటీ మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు.