చిన్నవి దొరికాయా?

(చెన్నై చెరువుల్లో ఆల్చిప్పల సర్వేకు ముందుకొచ్చిన తెలుగు విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఎండలకు చెరువు నీరు తగ్గాక అంచు బురదలో ఆల్చిప్పలు తేలతాయి. నత్తగుల్ల కొంగ తిని వదిలేసినవీ వాటిలో ఉంటాయి. వాటిని ఏరుకొచ్చి 'ఈ చెరువులో ఆల్చిప్పలున్నాయి' అని రాస్తే ఒప్పుకోలేం. ఖాళీ చిప్ప 'ఉండేది' అని మాత్రమే చెబుతుంది. లోపల మెరుపు తగ్గకుండా, కీలు దగ్గరి బంధనం ఇంకా మెత్తగా వంగుతుంటే ఈమధ్య చచ్చింది. సుద్దలా తెల్లబారి, పై తోలు రాలిపోయి ఉంటే ఎప్పటిదో.

ముందు చిప్పను పట్టుకోవడం నేర్చుకుందాం. కీలు పైకి పెట్టండి. అక్కడ ఉబ్బిన బుడిపెను అంబో అంటారు. అది ఏ కొసకు దగ్గరగా ఉంటే అదే ముందు భాగం. ఆ కొసను అవతలికి తిప్పితే మీ ఎడమచేతి వైపున్నది ఎడమ చిప్ప. ఖాళీ చిప్ప లోపల అంబో కింద పొట్టి పళ్ళు, వెనక పొడుగు పళ్ళు ఉంటాయి. పళ్ళంటే రెండు చిప్పలూ ఒకదానిలో ఒకటి ఇమిడే గట్లు. ఎడమ చిప్పలోని రెండు పొడుగు పళ్ళ సందులోకి కుడి చిప్పలోని ఒక్క పన్ను దిగుతుంది.

మన చెరువుల్లో తరచూ కనిపించే లామెల్లిడెన్స్ మార్జినాలిస్ కోలగా ఉండి, 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దాని పళ్ళు సన్నటి రేకులు, ప్రజాతి పేరూ అందులోంచి వచ్చిందే. పారేసియా కొరుగేటా అనే ఇంకో ఆల్చిప్ప చిన్నది, గుండ్రంగా, మందంగా ఉంటుంది. అంబో మీద వంకరటింకర గట్లుంటాయి, అరిగిపోతే పళ్ళే ఆధారం. రంగును నమ్మకండి, నీటినీ బురదనూ బట్టి మారుతుంది. కార్బిక్యులా ముక్కోణంగా ఉంటుంది, దాని పక్క పళ్ళకు రంపపు అంచు. అది వేరే కుటుంబం, విడిగా రాయండి. ఎన్నూరు ఉప్పుటేటిలో దారాలతో అతుక్కుని గుత్తులుగా పెరిగే మైటెల్లా స్ట్రిగాటా అమెరికా ఖండాల తీరాల నుంచి వచ్చిపడింది. మంచినీటి లెక్కలో దానికి చోటు లేదు.

ఇక వెతకడం. మొదట గడియారం పెట్టుకుని చేత్తో తడమాలి. నలుగురు అరగంట వెతికితే 2 మనిషి-గంటలు. 14 దొరికాయనుకోండి, గంటకు 7. ఆ కాలం రాయకపోతే ఈ 14ను వచ్చే ఏటి లెక్కతో పోల్చలేం. ఏమీ దొరక్కపోయినా కాలం, చోటు, లోతు రాసి 0 అని వేయండి.

అయితే చేతికి పెద్దవే తగులుతాయి. చిన్నవి బురదలో కూరుకుని ఉంటాయి. అందుకే 50 సెంటీమీటర్ల చదరపు చట్రం వేసి, లోపలి మట్టిని 10-15 సెంటీమీటర్ల లోతు దాకా తోడి, 6 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడలో కడగాలి. ఒక్కో చట్రం 0.25 చదరపు మీటర్లు. 40 చట్రాలంటే 10 చదరపు మీటర్లు. 'ఇక్కడ బాగా ఉన్నాయి' అని తోచిన చోటే వేస్తే లెక్క ఉబ్బిపోతుంది. మొదటి చోటును చీటీ తీసి, ఆపైన సమాన దూరాల్లో వేసుకుంటూ పోండి.

ఈ చాకిరీ అంతా చిన్నవాటి కోసమే. ఆల్చిప్ప పిల్ల కొన్నాళ్ళు చేప మొప్పకో, రెక్కకో అంటుకుని బతకాలి. తగిన చేప లేకపోతే కొత్త తరం రాదు. పెద్దవి మాత్రం ఏళ్ళ తరబడి బతుకుతూ చెరువు బాగానే ఉందనిపిస్తాయి. కాబట్టి ప్రతిదాని పొడవూ కాలిపర్‌తో కొలిచి, మిల్లీమీటర్లలో రాయండి. సగటు ఒక్కటే వేస్తే చిన్నవి లేవన్న సంగతి అందులో మరుగునపడుతుంది. చిప్ప మీది గీతలు లెక్కపెట్టి వయసు చెప్పకండి. మన దగ్గర చెరువు ఎండినా, నిండినా గీత పడవచ్చు.

బతికున్నదాన్ని పళ్ళ కోసం తెరవకండి, మూసే కండరం తెగితే అది చస్తుంది. పళ్ళు చూడటానికి అక్కడి ఖాళీ చిప్పలు చాలు. అనుమానం ఉన్నవి చోటు, తేదీ రాసిన చీటీతో శాంథోమ్‌లోని జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రంలో చూపించండి.

కొలిచేదాకా వలసంచిలో వేసి చెరువు నీళ్ళలోనే, నీడన ఉంచండి. తిరిగి వదిలేటప్పుడు విసరొద్దు. తీసిన చోటే, ముందు కొస బురదలోకి, వెనక కొస పైకి ఉండేలా సగం దాకా గుచ్చండి. నీళ్ళు పీల్చేదీ వదిలేదీ ఆ వెనక కొస నుంచే.