ఏమీ కనిపించకపోయినా అచ్చు వేయాలి

శ్రోతలకు నమస్కారం. మన బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలో కోలార్ బంగారు గనులున్నాయి. 1960లలో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు అక్కడ పరికరాలు దించారు. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే మ్యూయాన్ కణాలు భూమిలో ఎంత లోతుకు చేరతాయో కొలవాలని వాళ్ల ప్రయత్నం. కిందికి పోయేకొద్దీ లెక్క తగ్గుతూ వచ్చింది. దాదాపు 2,760 మీటర్ల లోతున రెండు నెలలు కాచుకుని చూస్తే ఒక్క కణమూ పడలేదు.

1964లో ఆ సున్నాను అలాగే అచ్చు వేశారు. మిగతా కణాల గోల లేని చోటు దొరికింది కాబట్టి, ఎంత రాయినైనా దాటిపోయే న్యూట్రినో అనే కణం జాడ అక్కడ పట్టవచ్చని తేలింది. మరుసటి ఏడాదే పట్టారు కూడా. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను మొట్టమొదట గుర్తించిన చోట్లలో కోలార్ ఒకటి.

ఇప్పుడు మన బెంగళూరులో పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలు అలాంటి సున్నా వస్తే టెన్షన్ పడుతున్నారు. పరిశోధన పేపర్ రాదు, పేపర్ లేకపోతే ఉద్యోగం రాదు. నోట్‌బుక్ బీరువాలోకి పోతుంది. రెండేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఇంకెవరో అదే ప్రయోగం మొదటి నుంచి మొదలుపెడతారు. ఆ ఖర్చు చాలావరకు ప్రజల డబ్బే.

మందుల విషయంలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. 1980లో బ్రిటన్‌లో గుండెపోటు వచ్చిన సుమారు వంద మందిపై గుండె లయ తప్పకుండా చూసే లోర్కైనైడ్ అనే మందును పరీక్షించారు. మందు వేసుకున్నవాళ్లలో తొమ్మిది మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఒక్కరు. ఆ మందును పక్కన పెట్టేశారు, ఫలితం మాత్రం 1993 దాకా బయటికి రాలేదు. ఈలోగా అదే కోవ మందులు ఎంతోమందికి రాశారు. వాటితో మరణాలు పెరుగుతున్నాయని 1989లో అమెరికాలో ఒక పెద్ద ట్రయల్ చూపించింది. ముందే తెలిసుంటే ఎంతమంది బతికేవారో తలచుకుంటేనే బాధేస్తుంది.

మన దేశంలో 2009 నుంచి క్లినికల్ ట్రయల్‌ను మొదలుపెట్టకముందే రిజిస్టర్ చేయాలి. మంచి నియమమే. కానీ రిజిస్టర్ అయినవన్నీ ఫలితం చెప్పడం లేదు.

రసాయనం పాడై చెడిన ప్రయోగం గురించి కాదు నేను మాట్లాడేది. జాగ్రత్తగా, తగినన్ని నమూనాలతో చేసి, ప్రభావం లేదని తేల్చిన పని గురించి. గైడ్‌లకు నా విన్నపం: అలాంటి పనిని థీసిస్‌లో ఒక అధ్యాయంగా రాయనివ్వండి, ప్రీప్రింట్‌గా, అంటే పత్రికలో రాకముందే అందరూ చదివేలా ఆన్‌లైన్‌లో, పెట్టించండి. వైవాలో పరీక్షకులు ఆ అధ్యాయం మీదా నాలుగు ప్రశ్నలు అడగాలి.