జాలీ తెరకు గోడ కాదు, వెలుగు కావాలి

నమస్కారం. నేటి ఇళ్లలో సంప్రదాయ జాలీ తెరలు, అంటే రంధ్రాల అల్లికతో చేసిన తెరలు, మళ్లీ విరివిగా కనిపిస్తున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది. అయితే చాలామంది వాటిని గోడకు ఆనించి, వెనుక ఒక దీపం అమర్చి వదిలేస్తున్నారు. ఇది జాలీకి చేసే అన్యాయమని నా అభిప్రాయం, ఎందుకంటే రెండు వైపులా ఖాళీ ఉన్నప్పుడే జాలీ పనిచేస్తుంది.

వెలుగు ఎక్కువగా ఉన్న వైపు నిలబడినవారికి జాలీ మాత్రమే కనిపిస్తుంది. నీడ వైపు ఉన్నవారికి జాలీ మరుగై అవతలి దృశ్యం కనిపిస్తుంది. రాజస్థాన్‌లోని జైపూర్‌లో 1799లో నిర్మించిన హవా మహల్‌లో రాజకుటుంబపు స్త్రీలు 953 చిన్న కిటికీల వెనుక నుండి ఎవరి కంటా పడకుండా వీధిని చూడగలిగారంటే, అందుకు కారణం ఇదే. రాత్రి గదిలో దీపాలు వెలిగించగానే ఈ లెక్క తలకిందులై, లోపలివారే బయటికి కనిపిస్తారు. కనుక పడకగది కిటికీకి జాలీ పెట్టేవారు లోపలి వైపున పరదా కూడా తప్పక వేసుకోవాలి.

జాలీ మందాన్ని మనం దాదాపు మరిచిపోయాము. రంధ్రం ఎత్తు ఎంతో జాలీ మందం కూడా అంతే ఉంటే, ఎదురుగా ఉన్న సూర్యుడు 45 డిగ్రీల ఎత్తు దాటగానే ఎండ నేరుగా లోపలికి రాదు, రంధ్రాల అంచులకు తగిలి చెదిరి, మెత్తని వెలుగుగా మాత్రమే గదిలోకి చేరుతుంది. అదే రంధ్రం 50 మిల్లీమీటర్లు, మందం 12 మిల్లీమీటర్లు ఉన్న ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన) పలక అయితే, సూర్యుడు సుమారు 76 డిగ్రీల ఎత్తుకు చేరేదాకా ఎండను ఎంతో కొంత వదులుతూనే ఉంటుంది. పైగా తడి తగిలితే ఎండీఎఫ్ ఉబ్బుతుంది. కాబట్టి ఎండ తగిలే చోట రాయి, కాల్చిన మట్టి, మందపు చెక్క ఎంచుకోవడమే మేలు.

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది కైరో నగరపు మష్రబియా అనే చెక్క జాలీ కిటికీ. తరిమెన పట్టిన చిన్న చిన్న చెక్క ముక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి కూర్చడం వల్ల, గాలిలోని తేమను బట్టి చెక్క ఉబ్బినా కుంచించుకుపోయినా ఆ అతుకులే సర్దుకుంటాయి. కంటి ఎత్తు వరకు అల్లిక దగ్గరగా, ఆ పైన గాలి ఆడేలా ఎడంగా ఉంటుందని, మరుగు, గాలి అనే రెండు పనులనూ ఒకే తెర చేస్తుందని ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ వివరించారు. హాలుకూ భోజనాల గదికీ నడుమ తెర పెట్టేటప్పుడు ఈ పద్ధతిని నేరుగా అనుసరించవచ్చు: కుర్చీలో కూర్చున్నవారి కళ్లు నేల నుండి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలిచి, అక్కడి దాకా దట్టమైన అల్లిక, పైన విశాలమైన అల్లిక చేయించండి.

జాలీ శబ్దాన్ని గాని వాసనను గాని ఆపలేదు, కనుక చదువుకునే గదికి అది అడ్డుగోడ కాజాలదు. పొయ్యికి దగ్గరగా పెడితే నూనె ఆవిరికి దుమ్ము అంటుకుని రంధ్రాలు పూడుకుపోతాయి. ఎక్కడ అమర్చినా, చట్రం నుండి ఊడదీసి రెండు వైపులా తుడిచేందుకు వీలుగా బిగించమని వడ్రంగికి ముందే చెప్పండి.