‘జూడో కరాటే’ కాదు, జూడో

నమస్తే అండీ. నేను జూడో నేర్చుకుంటున్నానని ఎవరికి చెప్పినా వెంటనే అడిగేది ఒకటే: “అయితే పెంకులు పగలగొడతావా?” మన దగ్గర ‘జూడో కరాటే’ ఉప్పూకారంలాగా ఒకే మాట అయిపోయింది. ఇది నాకు చాలాకాలంగా బాధగా ఉంది, అందుకే ఈ వీడియో.

జూడో పోటీలో గుద్దు లేదు, తన్ను లేదు. ఎదుటివాళ్ల జాకెట్ పట్టుకుని, వాళ్లు వెల్లకిలా పడేలా చేయాలి. లేదంటే నేలమీద అదిమిపట్టాలి, మెడ బిగించాలి, మోచేతి కీలు మెలిపెట్టి ఓటమి ఒప్పించాలి. కరాటే గొప్ప విద్యే. కానీ అది వేరు, ఇది వేరు.

రెండో అపోహ ఇంకా గట్టిది. “ఎదుటివాడి బలాన్నే వాడి మీద వాడతారట కదా, అదేదో మాయ” అంటారు. మాయేమీ లేదు. మీ ఇంటికి గ్యాస్ బండ తెచ్చే అబ్బాయిని ఒకసారి గమనించండి. నిండు బండ దాదాపు 30 కిలోలు ఉంటుంది. ఆ అబ్బాయి గేటు దగ్గర్నుంచి వంటింటి దాకా దాన్ని మోయడు. ఒక పక్కకి ఒరగదీసి, అంచు మీద నిలబెట్టి, దొర్లించుకుంటూ వచ్చేస్తాడు. నిటారుగా ఉన్నప్పుడు నెట్టి చూడండి, కదలదు. ఒరిగాక చెయ్యి ఆనిస్తే చాలు. జూడో అంతా ఆ ఒరగదీయడంలోనే ఉంది. దాన్నే ‘కుజుషి’ అంటారు, అంటే ఎదుటివాళ్ల తూకం చెడగొట్టడం.

దీన్ని ఇంత స్పష్టంగా పట్టుకున్నది కానో జిగోరో, జపాన్‌లో జూడోని మొదలుపెట్టినాయన. 1860లో పుట్టారు, ఐదడుగుల రెండంగుళాల మనిషి. చదువుకునే రోజుల్లో బలమైన పిల్లలు ఏడిపిస్తుంటే జుజుత్సు అనే జపాన్ పాత యుద్ధవిద్య నేర్చుకోవాలనుకున్నారు. అప్పటికి సమురాయ్‌ల కాలం అయిపోయింది, ఆ విద్యని అడిగేవాళ్లే లేరు. అందుకని ఆయన టోక్యోలో ఎముకలు కట్టే వైద్యుల్ని వెతుక్కుంటూ తిరిగారు. జుజుత్సు గురువుల్లో చాలామంది ఆ పని చేసుకునే బతికేవాళ్లు. అలా దొరికిన గురువు ఫుకుదా. ఈ పట్టు ఎలా వేయాలి, చెయ్యి ఎక్కడ, కాలు ఎక్కడ అని అడిగితే, ఇలా రా అని పడేసేవారట. మళ్లీ అడిగితే మళ్లీ పడేసేవారట. పడగా పడగా అదే వస్తుందని ఆయన నమ్మకం.

కానోకి అది చాలలేదు. ఎందుకు పడ్డానన్నది తెలియాలి. ఆ తర్వాత ఈకుబో అనే గురువు దగ్గర చేరారు. ఆయన యాభై దాటినా కానోని సునాయాసంగా పడేసేవారు. అలాంటిది ఒకరోజు ఆట తిరగబడింది, కానో పడేస్తుంటే గురువుగారు పడుతున్నారు. ఏం చేశావని అడిగితే, ముందు మీ తూకం చెదరగొట్టి అప్పుడు పట్టు వేస్తున్నానని చెప్పారు కానో. ఈ ఘట్టం నాకు ఎన్నిసార్లు చదివినా కొత్తగానే ఉంటుంది. బండని ముందు ఒరగదీయాలని ఆయనకి చేతికి తెలిసిన రోజు అది.

ఆయనే లెక్క కూడా చెప్పారు. ఎదుటివాడి బలం 10, నాది 7 అనుకోండి. ఎదురు నెడితే ఓడిపోతాను. అతను నెట్టినంత మేర నేను వెనక్కి జరిగితే? అతను ముందుకి తూలుతాడు. తూలిన మనిషికి 10లో మిగిలేది 3. నా 7 నా దగ్గరే ఉంది, అందులో సగం పెడితే చాలు.

అయితే బండకి ప్రాణం లేదు. మనిషి ఊరుకోడు, వెనక్కి నెడితే ముందుకి తోస్తాడు. ఆ తోపు ఎటు వస్తే అటే ఒరగదీయాలి. ఒసోతో గారి అనే పట్టు చూడండి. (స్క్రీన్ మీద నెమ్మదిగా) నా కుడిచెయ్యి కాలర్ మీద, ఎడమచెయ్యి అతని మోచేతి దగ్గర గుడ్డ మీద. ఎడమకాలు అతని కుడికాలి పక్కన వేస్తూ, అతని బరువంతా ఆ కుడి మడమ మీదికి వచ్చేలా ఒరగదీస్తాను. బండ అంచు మీద నిలబడింది! ఇప్పుడు నా కుడికాలితో ఆ కాలిని వెనక నుంచి కోస్తాను, కొడవలితో కోసినట్టు. మడమ మీదికి బరువు రాకముందే కాలు వేస్తే మాత్రం నేనే పడతాను. కొత్తవాళ్లందరం అక్కడే తొందరపడతాం.

అందుకే మొదట నేర్పేది పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, పడుతూనే అరచేతితో మ్యాట్‌ని ఫట్‌మని కొట్టాలి. దాన్ని ‘ఉకేమి’ అంటారు. మొదటి నెల ఇదేంటని విసుగొస్తుంది. దయచేసి మానెయ్యకండి, తల కాపాడేది అదే.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. 1882లో, 22 ఏళ్లు కూడా నిండకుండానే, టోక్యోలోని ఎయిషోజి అనే గుడిలో 12 తతామి చాపల మీద కొదోకాన్ అనే తన జూడో బడి మొదలుపెట్టారు కానో. డాన్ ర్యాంకుల పద్ధతిని, అంటే బ్లాక్ బెల్ట్ స్థాయిల్ని, యుద్ధవిద్యల్లోకి తెచ్చింది ఆయనే. కరాటేకి బ్లాక్ బెల్ట్, తెల్ల డ్రెస్ వచ్చింది జూడో నుంచే! బౌట్ 4 నిమిషాలు. వీపు మీద బలంగా, వేగంగా, అదుపుతో పడేస్తే ఇప్పోన్, అక్కడితో ఆట అయిపోతుంది. 20 సెకన్లు అదిమిపట్టినా ఇప్పోన్. ఒలింపిక్స్‌లోకి 1964లో వచ్చింది, ఆడవాళ్లకి పతకాలు 1992 నుంచి.

ఆ 1964 గురించి ఒక్క మాట. సొంతగడ్డ మీద మిగతా మూడు విభాగాల్లోనూ జపాన్‌దే స్వర్ణం. బరువుతో పనిలేని ఓపెన్ విభాగం ఫైనల్లో మాత్రం జపాన్ ఆటగాడు కమినాగాని నెదర్లాండ్స్ ఆటగాడు గేసింక్ ఓడించాడు. ఆరున్నర అడుగుల మనిషి. చిన్నవాడు ఎప్పుడూ పెద్దవాణ్ణి పడేస్తాడనుకునేవాళ్లు ఇది చూడాలి. బండని ఒరగదీయడం ఇద్దరికీ తెలిస్తే బరువు మళ్లీ లెక్కలోకి వస్తుంది, బరువు విభాగాలు ఉన్నది అందుకే. గెలవగానే నెదర్లాండ్స్ అభిమానులు ఆనందంతో మ్యాట్ మీదికి పరుగెత్తబోయారు. గేసింక్ అప్పటికింకా పైకి కూడా లేవలేదు. చెయ్యెత్తి వాళ్లని ఆపేశాడు. ఆ తర్వాతే లేచి కమినాగాకి వంగి నమస్కారం పెట్టాడు.